మీ ప్రశ్న – మా జవాబు: క్యాజువాల్టీ ఉచితం, వార్డుకి బిల్లు

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లండులో ఉద్యోగం చేస్తోంది. వీసాతో పాటే హెల్త్ సర్‌ఛార్జి కట్టింది. మేమిద్దరం విజిటర్ వీసా మీద ఐదు నెలలు ఉండి రావాలని వెళ్తున్నాం. మావారికి 67 ఏళ్ళు. షుగరు, బీపీ ఉన్నాయి, రెండేళ్ళ క్రితం స్టెంటు వేశారు. అమ్మాయి కట్టిన డబ్బుతో మాకూ అక్కడి సర్కారు ఆసుపత్రిలో చూస్తారా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మాయి కట్టిన సర్‌ఛార్జి అమ్మాయికే. విజిటర్ వీసాకి అది లేదు, మీరు కడతామన్నా తీసుకోరు. అయినా కొంతవరకు ఉచితంగానే చూస్తారు. ఆ 'కొంత' ఎక్కడ ఆగుతుందో తెలుసుకుని వెళ్ళండి.

జీపీ దగ్గర చూపించుకోవడం ఎవరికైనా ఉచితం. జీపీ అంటే మన వీధి చివర ఎంబీబీఎస్ డాక్టరు లాంటివారు, కాకపోతే ఎన్‌హెచ్ఎస్, అంటే అక్కడి సర్కారు వైద్య సేవ, తరఫున చూస్తారు. మూడు నెలల లోపు ఉండేవారిని తాత్కాలిక పేషెంటుగా రాసుకుంటారు. మీరు ఐదు నెలలంటున్నారు కాబట్టి జీఎంఎస్1 ఫారం నింపి మామూలుగానే నమోదు చేసుకోండి. అడ్రసు ప్రూఫ్ లేదని కౌంటర్లో వెనక్కి పంపబోతే, అది తప్పనిసరి కాదని అమ్మాయి చేత చెప్పించండి. 60 దాటినవారికి ఇంగ్లండులో మందుల ఛార్జీ లేదు. మీకు 60 నిండకపోతే చీటీలో ఒక్కో మందుకి 9.90 పౌండ్లు.

నమోదయ్యాక ఎన్‌హెచ్ఎస్ నంబరు వస్తుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. నంబరు వచ్చింది కదా, ఇక అన్నీ ఉచితమే అనుకుంటారు. అది ఉత్త ఫైలు నంబరు. జీపీ పెద్దాసుపత్రికి రాసిచ్చారంటే అక్కడ మీ వీసా ఏమిటో వేరేగా చూస్తారు.

క్యాజువాల్టీని అక్కడ ఏ అండ్ ఈ అంటారు. మీవారికి ఛాతీలో నొప్పి అని తీసుకెళ్తే ఈసీజీ, రక్త పరీక్షలు, అక్కడిచ్చే ఇంజెక్షన్ల దాకా పైసా అడగరు. వార్డులో చేర్చుకున్నారా, ఇక మీటరు తిరుగుతుంది. వచ్చే వారం ఔట్‌పేషెంటుకి రమ్మన్నా అంతే. బిల్లు ఎన్‌హెచ్ఎస్ లెక్కగట్టే ధరకి 150 శాతం. అంటే వెయ్యి పౌండ్ల వైద్యానికి పదిహేను వందలు. ప్రాణం మీదికొస్తే ముందు వైద్యం చేసి బిల్లు తర్వాత ఇస్తారు. మీరు తిరిగొచ్చేదాకా ఆగగలిగిన వైద్యమైతే డబ్బు ముందే కట్టమంటారు. 500 పౌండ్లు, ఆ పైన బాకీ రెండు నెలలు దాటి ఉంటే మళ్ళీ వీసా అడిగినప్పుడు కాదనొచ్చు. ఒకేసారి కట్టలేకపోతే వాయిదాల కోసం ఆసుపత్రిని అడగండి, చూసీ చూడనట్టు మాత్రం వచ్చేయకండి.

కాబట్టి ట్రావెల్ ఇన్సూరెన్సు విమానం ఎక్కకముందే తీసుకోండి. స్టెంటు, షుగరు సంగతి ఫారంలో దాచొద్దు. ప్రీమియం తగ్గుతుందని దాచినవాళ్ళకి క్లెయిము దగ్గర మొండిచెయ్యే. పాత జబ్బులకి ఎంతవరకు ఇస్తారో పాలసీలో ఆ పేరా వెతికి చదవండి. చాలా పాలసీల్లో ప్రాణాపాయం తప్పించేవరకే ఇస్తారు. ఆసుపత్రిలో చేరిన వెంటనే పాలసీ మీదున్న హెల్ప్‌లైనుకి ఫోను చేయాలి.

ఇక్కడి చీటీకి అక్కడి షాపులో మందులివ్వరు. ఐదు నెలలకీ సరిపడా, అసలు స్ట్రిప్పుల్లోనే పట్టుకెళ్ళండి. కంపెనీ పేర్లు కాకుండా మందు పేరు, మిల్లీగ్రాములు టైపు చేయించి డాక్టరు సంతకం, ముద్ర వేయించండి. మన గొలుసుకట్టు రాత అక్కడెవరూ చదవలేరు. షుగరు వల్ల అరికాళ్ళ మంటలకి ప్రీగాబాలిన్ వాడుతుంటే జాగ్రత్త. 2019 ఏప్రిల్ నుంచి అది అక్కడ నియంత్రిత మందు. డాక్టరు ఉత్తరం తప్పనిసరి, మూడు నెలలకి సరిపడా గానీ అంతకన్నా ఎక్కువ గానీ తీసుకెళ్ళాలంటే లైసెన్సు కావాలి. స్టెంటు వేసినప్పటి డిశ్చార్జి సమ్మరీ, ఇటీవలి ఈసీజీ కాపీ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోండి. కొత్త ఈసీజీని పాతదాని పక్కన పెట్టి చూస్తే తేడా ఇప్పటిదో పాతదో డాక్టరుకి తెలుస్తుంది.

ఇదంతా ఇంగ్లండు లెక్క. సలహాకి 111, ప్రాణం మీదికొస్తే 999.

ప్రశ్న: మా అబ్బాయిది అమెరికా పౌరసత్వం. ఇక్కడికొచ్చినప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ వర్తిస్తుందా?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: వర్తించదు. 108 అంబులెన్సు మాత్రం ఎవరికైనా వస్తుంది.

ప్రశ్న: సెలవులకొచ్చిన మా మనవడిని వీధికుక్క కరిచింది. ఓసీఐ కార్డు ఉంది, ఆధార్ లేదు. రెండు వారాల్లో అమెరికా వెళ్ళిపోతాడు.
– ఒక పాఠకురాలు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: ఇది చదివే వేళకి మొదటి సూది పడిపోయే ఉండాలి. పడకపోతే ఇప్పుడే బయల్దేరండి. గాయాన్ని కుళాయి నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, గడియారం చూసి మరీ. కారం, సున్నం, పసుపు పెట్టకండి. ప్రభుత్వాసుపత్రిలో రేబిస్ టీకా ఉచితం. ఆధార్ అడిగితే పాస్‌పోర్టు చూపించండి.

చర్మంలో వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో, ప్రతిసారీ రెండు చోట్ల 0.1 మిల్లీలీటరు వేస్తారు. మొదటి సూది పడ్డ రోజే '0'. సోమవారం మొదలైతే గురువారం, ఆ పై సోమవారం, చివరిది మొదటి సూదికి సరిగ్గా నాలుగు వారాల తర్వాతి సోమవారం. రక్తం వచ్చేలా కరిస్తే ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేసేలోపు రక్షణనిచ్చే సూది) కూడా గాయంలోనే వేయాలి. గుర్రం సీరంతో చేసినదైతే కిలోకి 40 యూనిట్లు, అంటే 25 కిలోల పిల్లాడికి 1000. అది మొదటి టీకా పడిన ఏడు రోజుల లోపే.

28వ రోజుకి పిల్లాడు అమెరికాలో ఉంటాడు. అక్కడ వేసేది కండలోకి, 0, 3, 7, 14 రోజుల్లో. అందుకే కార్డు మీద టీకా పేరు, బ్యాచ్ నంబరు, తేదీలు, 'చర్మంలోకి' అన్న మాటా ఇంగ్లీషులో రాయించి, ఫోటో తీసి వాళ్ళ డాక్టరుకి ఇప్పుడే పంపమనండి.