మెయిల్ ఆర్ట్, కళాకారుల స్టాంపులు ఎక్కడ కొనాలి? ఎంత ఖర్చవుతుంది?

కొనకండి. మెయిల్ ఆర్ట్ అంటే పోస్టులో ఒకరికొకరు పంపుకునే కళ. కళాకారుల స్టాంపులంటే కళాకారులు సొంతంగా చేసుకునే, స్టాంపుల్లా కనిపించే బిళ్ళలు. డబ్బిచ్చి తెచ్చుకున్నది మెయిల్ ఆర్ట్ కలెక్షన్ కాదని నా గట్టి అభిప్రాయం. మీరు ఒకటి చేసి పోస్టు చేస్తే అవతలి మనిషి ఇంకొకటి చేసి మీకు పంపాలి. అలా ఇంటికొచ్చి చేరిందే కలెక్షన్. న్యూయార్క్‌లో రే జాన్సన్ అనే కళాకారుడు 1950ల నుంచి చేసింది ఇదే. తను మొదలుపెట్టిన బొమ్మ పంపి, దానికి ఇంకేదైనా చేర్చి తిరిగి పంపమనేవాడు. మెయిల్ ఆర్ట్ ప్రదర్శనలకు ప్రవేశ రుసుము తీసుకోకపోవడం, జ్యూరీ పెట్టకపోవడం, వచ్చినవన్నీ చూపించడం ఆనవాయితీ. అలాంటి వాటికి ధర కట్టి అమ్మేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో ఉన్నా ఇంట్లో, వీధిలో తెలుగే. మా ఊరు కొమ్ముతో చేసే బొమ్మలకు పేరు. అందుకే నేను చేసిన మొదటి స్టాంపు బిళ్ళల షీటులో కొమ్ము కొంగల్ని గీశాను. గీయడం, జిరాక్స్ తీయించడం తేలికే. అసలు కష్టం చుట్టూ చిల్లులు వేయడం. చిల్లుల్లేని బిళ్ళ నా కంటికి మందు సీసా లేబుల్‌లా ఉంటుంది. విదేశాల్లో కొందరు కళాకారుల దగ్గర చిల్లులు వేసే పాత యంత్రాలు ఉంటాయి. నాకు మా వీధి చివర టైలరు మావయ్య ఉన్నాడు.

"మిషన్లో దారం తీసేసి ఈ గీతల మీద కుట్టు మావయ్యా" అన్నాను. "దారం లేకుండా కుట్టడమేటి బాబూ, నాకు పనిలేదా?" అన్నాడు. పెళ్ళి సీజను, జాకెట్లు గుట్టగా ఉన్నాయి. అయినా కూర్చున్నాడు. ముందు కుట్టు మరీ దగ్గరగా పడి కాగితం మిషన్ మీదే విడిపోయింది. కుట్టు పొడుగు పెంచాడు. ఈసారి చింపబోతే చిరుగు కొంగ మెడ మీదుగా పోయింది. మళ్ళీ కాస్త తగ్గించాడు. అప్పటికి నాకంటే ఆయనకే పట్టుదల ఎక్కువైంది, సూది గీత దాటితే తనలో తానే తిట్టుకుంటున్నాడు. కుదిరిన షీటులోంచి ఒక బిళ్ళ తనే చింపి, అంచు వేలితో తడిమి, "అచ్చం పోస్టాఫీసుదే" అన్నాడు. కాగితానికి సూది మొండిబారిపోయింది. కొత్త సూదికి డబ్బులిచ్చాను. మొండిది నా కాగితాల కోసమే విడిగా దాచాడు.

చిల్లుల మీద నాకింత పట్టింపు రావడానికి కారణం కార్ల్ ష్వేసిగ్ అనే జర్మన్ చిత్రకారుడు. 1941లో ఫ్రాన్స్‌లోని గుర్స్ నిర్బంధ శిబిరంలో ఉన్నప్పుడు, అసలు స్టాంపు షీట్ల అంచుల్లో మిగిలే, చిల్లులున్న ఖాళీ బిళ్ళల మీద శిబిరం బతుకును గీశాడు. ఫ్రెంచ్ కళాకారుడు ఈవ్ క్లైన్ 1957లో తన ప్రదర్శన ఆహ్వానాల మీద స్టాంపులా అంటించిన నీలం బిళ్ళ గురించే అందరూ చెబుతారు. నా దృష్టిలో అది ష్వేసిగ్ పక్కన నిలవదు.

ఇంకో బాధ. కౌంటర్లో కవరు ఇస్తే ఇప్పుడు స్టాంపు బదులు బార్‌కోడ్ ఉన్న తెల్ల చీటీ అంటిస్తున్నారు. రిజిస్టర్ పోస్టును కూడా 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. వరసగా స్టాంపులు అంటించిన రిజిస్టర్ కవర్లు చూస్తూ పెరిగాను, నాకు ఇది మింగుడుపడటం లేదు. మీరు మాత్రం స్టాంపులే అడిగి తీసుకోండి, మీరే అంటించండి, సీలు చేత్తో కొట్టమని బతిమాలండి.

మీ బిళ్ళ మీద "ఇండియా" అనీ, రూపాయల్లో విలువా వేయకండి. ప్రభుత్వ స్టాంపును అనుకరించడం చట్టప్రకారం నేరం. మీ బిళ్ళను కవరు వెనకవైపు అంటించి, ముందువైపు అసలు స్టాంపులు సరిపడా పెట్టండి. తక్కువైతే ఆ లోటుకు రెట్టింపు మీ బొమ్మ అందుకునే మనిషి కట్టుకోవాలి.