హాలుకి బీజ్, పడకగదికి గ్రే: మేనకోడలికి ఉత్తరం

అమ్మాయికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోన్లో పంపిన షేడ్ కార్డులు చూశాను. హాలుకీ పడకగదికీ గ్రేనా, లేత ఇసుక రంగు బీజా అని తేల్చుకోలేక టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. ముప్పై ఏళ్లు ఇళ్లకి రంగులు వేయించినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను తల్లీ, కార్డు చూసి రంగు ఖాయం చెయ్యొద్దు. ముందు గదిలోకి ఏ వెలుగు వస్తోందో చూడు.

శ్రీకాకుళంలో మీ హాలు కిటికీలు ఉత్తరానికి ఉన్నాయి కదా. అటునుంచి నేరుగా ఎండ పడేది తక్కువ, వచ్చేదంతా ఆకాశం వెలుగే. అందులో నీలి ఛాయ ఉంటుంది. అది పడితే గ్రే గోడ ఇంకా నీలంగా, దిగులుగా కనిపిస్తుంది. విజయనగరం ఇంట్లో నేను ఈ పొరపాటే చేశాను. మా అమ్మ గదికి లేత గ్రే వేయించి, పైన 6500 కెల్విన్, అంటే నీలి ఛాయ కొట్టే తెల్ల ఎల్‌ఈడీ పెట్టించాను. ముసురు పట్టిన రోజున ఆ గది ప్లాస్టరింగ్ అయ్యి రంగు పడని గోడల్లా ఉండేది. అమ్మ ఒక్క మాటా అనలేదు, కుర్చీ మాత్రం వరండాలోకి మార్పించుకుంది. మళ్లీ రంగు వేయించేదాకా నా మనసు కుదుటపడలేదు.

అందుకని హాలుకి బీజే వేయించు. మీ టేకు తలుపులకీ, ఐవరీ టైల్సుకీ అది చక్కగా కలుస్తుంది. బీజ్‌లోనూ కొన్ని పసుపు వైపు, కొన్ని గులాబీ వైపు మొగ్గుతాయి. కార్డు పక్కన తెల్ల కాగితం పెడితే ఆ తేడా బయటపడుతుంది. గులాబీ వైపుది మాత్రం వద్దు, ఐవరీ నేల పక్కన మాసినట్టు ఉంటుంది.

పడమటి పడకగదికి నీ ముచ్చట ప్రకారం గ్రే వేసుకో. సాయంత్రం ఎండకి బీజ్ పసుపుగా తేలిపోతుంది, గ్రే ఆ వేడిని తగ్గించి చూపిస్తుంది.

రెండు రంగులూ చిన్న డబ్బాలు తెప్పించి, రెండడుగుల అట్టల మీద రెండేసి కోట్లు వేయించు. తడి రంగు వేరు, ఆరాక రంగు వేరు. పూర్తిగా ఆరాక ఒక్కో గోడకీ ఆనించి పొద్దున్న, మధ్యాహ్నం చూడు. రాత్రి మీరు రోజూ వాడబోయే లైటు వేసి చూడు. హాల్లో 3000 కెల్విన్, అంటే కాస్త పసుపు వెలుగిచ్చే బల్బు పెట్టుకుంటే మంచిది.

మేస్త్రీ తొందరపెట్టినా కొత్త ప్లాస్టరింగ్‌ని కనీసం 28 రోజులు ఆరనివ్వు. చెమ్మ మీద వేస్తే రంగు పొక్కులు లేస్తుంది.

అట్టలు పారెయ్యకు. రథసప్తమికి అరసవల్లి దర్శనం చేసుకుని అటునుంచి మీ ఇంటికే వస్తాను, ఇద్దరం కలిసి చూద్దాం.

మీ మావయ్య