క్లాసు పేరును ముక్కలుగా అతికించకు

తమ్ముడూ,

నువ్వు పంపిన పీహెచ్‌పీ కోడ్ రెండుసార్లు చదివాను. దరఖాస్తు ఫారంలో ఏయే గడులు ఉండాలో డేటాబేస్ నుంచి చదివి, ఒక్కో దానికి తగిన క్లాసును అప్పటికప్పుడు ఎంచుకుంటున్నావు. ఆలోచన మంచిదే. రేపు ఆఫీసువాళ్లు ఇంకో ఫోన్ నంబర్ గడి అడిగితే కోడ్ ముట్టుకోనక్కర్లేదు. కానీ ఒక లైను దగ్గర ఆగిపోయాను. డేటాబేస్‌లోని "ఫోన్" అనే మాట తీసుకుని, వెనక "ఫీల్డ్" తగిలించి, ఆ స్ట్రింగ్‌ని క్లాసు నుంచి ఆబ్జెక్టు తయారుచేసే న్యూకి నేరుగా ఇచ్చేశావు.

ఆ లైను నేనూ రాశాను, ఒక స్కాలర్‌షిప్ దరఖాస్తు పనిలో. కొన్ని నెలల తర్వాత టీములో ఒకరు వాడని క్లాసులు తీసేద్దామని ప్రాజెక్టంతా వెతికారు. ఇన్‌కమ్‌ఫీల్డ్ అనే పేరు దాని సొంత ఫైల్లో తప్ప ఎక్కడా కనబడలేదు. తీసేశారు. ఎలా కనబడుతుంది? ఆ పేరును నేను రెండు ముక్కలు చేసి పెట్టాను. మర్నాడు ఆదాయం గడి ఉన్న ప్రతి ఫారం తెల్ల పేజీ అయిపోయింది. దరఖాస్తుల గడువు దగ్గరపడిన రోజులు, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. తీసేసిన మనిషి తప్పేమీ లేదు. నా కోడ్ చదివేవాళ్లకు వెతికితే దొరికేలా నేను రాయలేదు.

వేరే చోటున్న క్లాసును పొట్టి పేరుతో పిలవడానికి ఫైలు పైన యూజ్ అని రాసినా క్లాసు దొరకలేదనే ఎర్రర్ ఎందుకొస్తోందని అడిగావు కదా. పీహెచ్‌పీలో యూజ్ లైన్లు, నేమ్‌స్పేస్ (క్లాసు పేరుకు ఇంటిపేరు లాంటిది) ఆ ఫైల్లో నువ్వు నేరుగా రాసిన పేర్లకే వర్తిస్తాయి, అదీ కంపైల్ సమయంలో. స్ట్రింగ్‌లో ఉన్నది అప్పటికి ఉత్త అక్షరాలే. ప్రోగ్రాం నడిచేటప్పుడు దాన్ని నేమ్‌స్పేస్‌తో సహా పూర్తి పేరనే అనుకుంటుంది. అందుకే 2013లో 5.5 వెర్షన్‌తో వచ్చిన కోలన్ కోలన్ క్లాస్ నాకు అంత ఇష్టం. క్లాసు పేరును మామూలుగా రాసి వెనక దీన్ని తగిలిస్తావు, పూర్తి పేరు అదే ఇస్తుంది, వెతికితే దొరుకుతుంది, ఎడిటర్‌లో పేరు మారిస్తే ఇక్కడా మారుతుంది. ఒక్కటి గుర్తుంచుకో, ఆ క్లాసు నిజంగా ఉందో లేదో అది చూడదు.

నీ విండోస్ ల్యాప్‌టాప్‌లో నడిచి సర్వర్‌లో ఆగిపోవడం వేరే సంగతి. క్లాసు పేరులో పెద్దక్షరం, చిన్నక్షరం తేడాను పీహెచ్‌పీ పట్టించుకోదు. క్లాసు ఉన్న ఫైలును తనంతట తానే తెచ్చే ఆటోలోడర్ మాత్రం ఆ పేరుతోనే ఫైలు వెతుకుతుంది, సర్వర్‌లోని లైనక్స్ ఫైళ్ల పేర్లలో ఆ తేడాను గట్టిగా పట్టించుకుంటుంది.

ఇప్పుడు మార్చాల్సింది చెబుతాను. ఒక చిన్న మ్యాప్ పెట్టు. ఎడమవైపు "ఫోన్", "తేదీ" లాంటి పొట్టి పేర్లు, కుడివైపు కోలన్ కోలన్ క్లాస్‌తో అసలు క్లాసులు. పీహెచ్‌పీవాళ్లు వాడే సింఫనీ ఫ్రేమ్‌వర్క్‌లో కూడా మొదట ఫారం రకాలను పొట్టి పేర్లతోనే రాసేవాళ్లం. 2015 నవంబరులో వచ్చిన దాని 2.8 వెర్షన్‌లో క్లాసు పేర్లు రాసే పద్ధతి వచ్చింది, 3.0లో పాత పద్ధతి తీసేశారు. అది చూసి క్లాసుల పూర్తి పేర్లనే డేటాబేస్‌లో దాచేయకు. కోడ్‌లో ఆ పేర్లుంటే మేలే. టేబుల్‌లో ఉంటే మాత్రం రేపు ఫోల్డర్ మార్చిన రోజు ప్రతి వరుసనూ సరిదిద్దాల్సి వస్తుంది. డేటాబేస్‌లో పొట్టి పేరే ఉండనీ.

కొత్త రకం వచ్చినప్పుడల్లా మ్యాప్‌లో ఒక లైను కలపాలి కదా అంటావు. కలుపు. ఆ లైను వల్లే, నీ తర్వాత వచ్చేవాళ్లకు ఈ ఫారంలో ఏయే రకాలున్నాయో ఒకే చోట కనబడుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. నీ కోడ్‌లో ఒకచోట రకం పేరు బ్రౌజర్ నుంచి, పేజీలో కనబడని హిడెన్ ఫీల్డ్‌లో వస్తోంది. దాన్ని ఎవరైనా మార్చి పంపొచ్చు. అలా వచ్చిన మాటను న్యూ దాకా ఎప్పుడూ పోనివ్వకు. మ్యాప్‌లో లేకపోతే అక్కడే ఆపెయ్, ఏ ఫారంలో, ఏ గడికి, ఏ పేరు వచ్చిందో లాగ్‌లో రాయి. మ్యాప్‌లోని క్లాసులన్నీ ఉన్నాయో లేదో చూసే చిన్న టెస్టు ఒకటి రాస్తే, మా స్కాలర్‌షిప్ ఫారానికి జరిగింది నీకు జరగదు.

శనివారంలోపు మార్చి పంపు. పంపే ముందు టేబుల్‌లో ఒక రకం పేరు కావాలని తప్పుగా రాసి ఫారం తెరువు. లాగ్‌లో ఏం వచ్చిందో అది కూడా పంపు.

నీ అక్క