సంతకాలు సేకరించే ముందు ఓ మాట

చిన్నమ్మలూ,

మీ ఊళ్లో ఓటర్లంతా ఒకచోట కూడి చర్చించి ఓటేసే టౌన్ మీటింగ్ బదులు బ్యాలెట్ ఓటింగ్ పెట్టించాలని నువ్వు సంతకాల కాగితం పట్టుకుని తిరుగుతున్నావని మీ పెద్దమ్మ చెప్పింది. మీ ఊళ్లో ఉంటే నేనూ సంతకం పెట్టేవాణ్ణి. మార్చిలో ఓ రోజు స్కూలు జిమ్‌లో మడత కుర్చీల మీద గంటల తరబడి కూర్చోగలిగిన వాళ్లే ఊరి బడ్జెట్ తేల్చేయడం న్యాయం కాదు. మీ ఆయనలా ఆసుపత్రి షిఫ్టులు చేసేవాళ్లు, చంటిపిల్లల తల్లులు, మంచులో కారు నడపలేని పెద్దవాళ్లు, అందరూ పన్ను కడుతున్నారు కదా.

2022లో మన న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోనే క్రాయిడన్ అనే చిన్న ఊళ్లో ఏం జరిగిందో గుర్తుందిగా. మార్చిలో స్కూలు మీటింగ్‌లో ఒకాయన లేచి, సుమారు 17 లక్షల డాలర్ల బడ్జెట్‌ని 8 లక్షలకి తగ్గిద్దామన్నాడు. 20 మంది సరే అన్నారు, 14 మంది వద్దన్నారు. స్కూలు డబ్బు సగానికి పైగా పోయింది! ఊరు గగ్గోలెత్తింది. సంతకాలు పోగుచేసి మేలో ప్రత్యేక మీటింగ్ పెట్టించారు. అది చెల్లాలంటే ఓటర్లలో సగం మంది రావాలి. వచ్చారు. 377 మంది పాత బడ్జెట్‌కి ఓటేస్తే ఇద్దరే వ్యతిరేకించారు. ఈ కథ నువ్వు చెబితే, మీటింగే తప్పుని దిద్దుకుంది కదా అని అవతలివాళ్లూ ఇదే కథ చెబుతారు. దానికి జవాబు సిద్ధం చేసుకో. నా జవాబైతే, ఒక్క మీటింగ్‌కి రాలేకపోయినందుకు ఊరంతా రెండు నెలలు టెన్షన్ పడాల్సి రావడమే తప్పని.

కానీ బ్యాలెట్ వస్తే మీటింగ్ పోతుందని మాత్రం ఎవరికీ చెప్పకు. 1995లో వచ్చిన ఎస్‌బీ 2 చట్టం మీటింగ్‌ని రెండు ముక్కలు చేసింది, అంతే. మొదటిది శీతాకాలం మధ్యలో, జనవరి చివరో ఫిబ్రవరి మొదట్లోనో. అక్కడ చర్చ జరుగుతుంది, ప్రతిపాదనల్ని సవరిస్తారు. రెండోది మార్చిలో రెండో మంగళవారం. ఆ రోజు బ్యాలెట్ మీద అవుననో కాదనో గీత పెట్టడమే, ఒక్క అక్షరం మార్చలేం.

అసలు కీలకం ఆ మొదటి మీటింగ్‌లోనే ఉంది. ఓటింగ్ మార్చిలోనే కదా అని జనం దానికి రారు. వచ్చిన కొద్దిమందే ప్రతిపాదనలోని డబ్బు అంకె మార్చేయొచ్చు. విషయాన్ని పూర్తిగా తీసేయడానికి చట్టం ఒప్పుకోదు గానీ, అంకెని సున్నా చేయడానికి అడ్డులేదు. లైబ్రరీ కప్పుకి 40 వేలు అడిగారనుకో, అక్కడ ఎవరో సవరణ పెట్టి నెగ్గించుకుంటే మార్చిలో నీ చేతికొచ్చే బ్యాలెట్ మీద ఉండేది ఆ సున్నాయే. వేలమంది ఓటేసినా అది 40 వేలు కాదు. నువ్వు సేకరించే ప్రతి సంతకంతో పాటు, మొదటి మీటింగ్‌కి వస్తానన్న మాట కూడా తీసుకో.

ఇంకోటి, డిఫాల్ట్ బడ్జెట్. పాత పద్ధతిలో బడ్జెట్ నచ్చకపోతే అక్కడే కూర్చుని, ఏదో ఒకటి ఒప్పుకునేదాకా తగ్గించో పెంచో తేలుస్తారు. ఎస్‌బీ 2 కింద బ్యాలెట్‌లో ఓడిపోతే, పోయినేటి అంకెని కాంట్రాక్టులకీ తప్పనిసరి ఖర్చులకీ సర్దుబాటు చేసి, ఒక్కసారికే అయ్యే ఖర్చులు తీసేసి, దాన్నే అమలు చేస్తారు. ఒక్కోసారి ఆ అంకె అడిగినదానికన్నా ఎక్కువే ఉంటుంది. తగ్గుతుందనుకుని కాదన్నవాళ్లు అప్పుడు నిన్నే నిలదీస్తారు. ముందే చెప్పు.

పక్కింటివాళ్ల ఎదుట చెయ్యెత్తడానికి మొహమాటపడేవాళ్లు ఉంటారు, ముఖ్యంగా మనవాళ్లు. వాళ్ల కోసం చట్టం మార్చే దాకా ఆగక్కర్లేదు. ఇప్పటి మీటింగ్‌లోనే, ఓటింగ్‌కి ముందు అయిదుగురు ఓటర్లు రాతపూర్వకంగా అడిగితే రహస్య బ్యాలెట్ పెట్టాలి. ఈ సంగతి చాలామందికి తెలియదు.

పాత మీటింగ్‌ని ప్రేమించేవాళ్లని వెనకబడినవాళ్లని అనకు. మన గ్రామసభల్లో ఊరి పద్దు మీద చెయ్యెత్తి ఓటేసే అలవాటు లేదు కనుక, వాళ్లకది ఎంత ప్రాణమో మనకి వెంటనే తట్టదు. మీటింగ్ నడిపే మోడరేటర్‌గా ఏళ్ల తరబడి చేసినవాళ్లని ఇంటికెళ్లి కలువు. వాళ్ల అభ్యంతరాలు విని, ఈ మార్పు మీద ఓటింగ్‌కి ముందు జరిగే బహిరంగ విచారణలో వాళ్లకన్నా ముందు నువ్వే వాటిని ప్రస్తావించు. ఈ మార్పు నెగ్గడానికి నీకు కావాల్సింది సగం మీద ఒక ఓటు కాదు, 60 శాతం. పోట్లాటతో అంత రాదు.

సంతకాల గడువు తేదీ టౌన్ క్లర్క్‌ని అడిగి రాసిపెట్టుకో. బహిరంగ విచారణ ఎప్పుడో తెలియగానే నాకు ఫోన్ చెయ్యి. ఆ సాయంత్రం మీ పిల్లల్ని నేనూ మీ పెద్దమ్మా చూసుకుంటాం.

మీ పెదనాన్న