లీటరుకు 30 రోటిఫర్లు ఉంటే చదరపు మీటరుకు ఎన్ని?

మీరు భద్రకాళి చెరువులో 40 లీటర్ల నీళ్లు ప్లాంక్టన్ వలతో (నీళ్లలో తేలే సూక్ష్మజీవులను పట్టే సన్నటి వల) వడకట్టి, సీసాలో 50 మి.లీ.కి తెచ్చారు. సెడ్జ్‌విక్ రాఫ్టర్ సెల్‌లో (సూక్ష్మదర్శిని కింద పెట్టి లెక్కపెట్టే గాజు పళ్లెం) మూడుసార్లు లెక్కపెడితే 22, 27, 23 రోటిఫర్లు (కంటికి సరిగా కనపడనంత చిన్న నీటి జీవులు) వచ్చాయి. వీటిని లీటరుకు, ఘనపు మీటరుకు, చదరపు మీటరుకు ఎట్లా మార్చాలన్నది మీ ప్రశ్న.

ఆ సెల్‌లో పట్టేది 1 మి.లీ. (పొడవు 50, వెడల్పు 20, లోతు 1 మి.మీ.). సగటు 24 కాబట్టి మి.లీ.కి 24. అయితే అది సీసాలోని చిక్కటి నీళ్ల లెక్క, చెరువుది కాదు. చాలామంది ఇక్కడే తప్పుతారు: 24ను వెయ్యితో గుణించి లీటరుకు 24,000 అని రాసేస్తారు. ముందు సీసా మొత్తం తీయండి: 24 × 50 = 1,200. అవన్నీ 40 లీటర్లలోంచి వచ్చినవే, కాబట్టి 1,200 ÷ 40 = లీటరుకు 30. ఘనపు మీటరుకు 1,000 లీటర్లు, అంటే 30,000.

ఆ 50 మి.లీ. ఫార్మలిన్ (నమూనా చెడిపోకుండా పోసే మందు) కలిపాక కొలిచినదేనా చూసుకోండి. ముందు కొలిచి తర్వాత 5 మి.లీ. పోస్తే లెక్క సుమారు తొమ్మిది శాతం తగ్గిపోతుంది. సీసా మీది గీతలను నమ్మకుండా కొలజాడీలో పోసి చూడాలి. పిపెట్‌తో తీసే ముందు సీసాను మెల్లగా తిప్పాలి, లేకుంటే అడుగుకు చేరినవి మీ లెక్కలోకి రావు.

ఇంకొకటి: మూడుసార్లు కలిపి మీరు చూసినవి 72. ఇలాంటి లెక్కల్లో తేడా దాదాపు ఆ సంఖ్య వర్గమూలమంత ఉంటుంది; ఇక్కడ 8.5 దాకా, అంటే లెక్కింపులోనే సుమారు 12 శాతం అటూఇటూ. రిపోర్టులో 30,000 చాలు, ఆ పక్కన దశాంశాలు పెట్టడం అనవసరం.

చదరపు మీటరు (అంటే అంత నీటి ఉపరితలం కింద అడుగుదాకా ఉన్నవన్నీ) దగ్గర జాగ్రత్త. సూత్రం తేలికే: ఘనపు మీటరు సంఖ్య × లోతు. నమూనా తీసిన చోట 2.5 మీటర్ల లోతుంటే 75,000. కానీ బకెట్‌తో పైపై నీళ్లే తీసుంటే ఈ గుణకారం చేయొద్దు. పగటిపూట డాఫ్నియా, కోపెపాడ్ లాంటి చిన్న నీటి జీవులు తరచుగా కిందికి దిగుతాయి, పైన తక్కువ, లోపల ఎక్కువ. అడుగు నుంచి పైదాకా వలను నిలువుగా లాగితేనే, లేదా వేర్వేరు లోతుల్లో తీసి కలిపితేనే ఆ సంఖ్యకు అర్థం ఉంటుంది.

వల లాగితే వడకట్టిన నీళ్లు = 3.1416 × వ్యాసార్ధం వర్గం × లాగిన దూరం. నోటి వ్యాసం 30 సెం.మీ. ఉన్న వలను 10 మీటర్లు లాగితే 3.1416 × 0.15 × 0.15 × 10 = 0.707 ఘనపు మీటర్లు, 707 లీటర్లు. 0.15 బదులు 0.30 వేస్తే నీళ్లు నాలుగింతలై, మీ జీవుల సంఖ్య నాలుగో వంతుకు పడిపోతుంది. పచ్చగా నాచు పట్టిన చెరువులో వల రంధ్రాలు మూసుకుపోయి, లెక్క కట్టినన్ని నీళ్లు లోపలికి రావు. అక్కడ వల నోటికి ఫ్లోమీటర్ (లోపలికి వెళ్లిన నీళ్లను కొలిచే పరికరం) కట్టడమో, బకెట్‌తో కొలిచి పోయడమో మేలు.

అడుగు బురదలోని పురుగులకు లోతుతో పని లేదు. 15 × 15 సెం.మీ. ఎక్‌మన్ గ్రాబ్ (అడుగు బురదను పట్టి తెచ్చే పెట్టె) అంటే 225 చదరపు సెం.మీ. చదరపు మీటరుకు 10,000 చదరపు సెం.మీ. (100 కాదు), కాబట్టి దొరికిన సంఖ్యను 44.4తో గుణించండి.

చేపల రైతులకు చెప్పాలంటే చదరపు మీటరుకు 1 అంటే ఎకరానికి 4,047, గుంటకు 101.