ముందు ఆ గది ఆమెకివ్వండి

ఉత్తరం: నాకు 71 ఏళ్లు. కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. నయీంనగర్‌లో సొంతిల్లు. చిన్నప్పటి నుంచీ సంగీతమంటే ప్రాణం. సినిమా పాటల పుస్తకాలు, ఆకాశవాణి వాళ్ల కార్యక్రమాల పత్రిక ‘వాణి’, సినిమా పత్రిక ‘విజయచిత్ర’, మద్రాసు నుంచి వచ్చే సంగీత పత్రిక ‘శ్రుతి’ అన్నీ దాచుకున్నాను. కింది పడకగది నిండా అవే. 2020 ఆగస్టులో వరద నీళ్లు ఇంట్లోకి వచ్చిన రాత్రి నేను, నా భార్య వాటిని డాబా మీది రేకుల గదిలోకి చేర్చాం. రేకుల వేడికి కాగితం పాడవుతుందని తర్వాత మళ్లీ కిందికి తెచ్చాను. నా కొడుకు బెంగళూరులో ఉంటాడు. మొన్న దసరాకు వచ్చి, “బాపూ, ఇవన్నీ పాత పేపర్లాయనకు వేసెయ్” అన్నాడు. కోడలు “అన్నీ ఫోన్లో దొరుకుతాయి కదా మామయ్యా” అంది. అప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. నా భార్యకు మోకాళ్ల నొప్పులు, హాల్లో మంచం వేసుకుని పడుకుంటుంది. అయినా ఈ పత్రికల గురించి ఇన్నేళ్లలో ఒక్క మాట అనలేదు. ఒకప్పుడు బతుకమ్మ పాటలు బాగా పాడేది, వాడకట్టులో డీజేలు పెట్టడం మొదలయ్యాక మానేసింది. ఆమెకున్నంత ఓపిక వీళ్లకు లేదు. నా కొడుకు మనసు మార్చేదెలా? లేక నా తర్వాత వాటిని అమ్మకూడదని వీలునామాలో షరతు రాయనా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: షరతు రాయకండి. కొడుకు మనసు మార్చే ప్రయత్నమూ చేయకండి. మీరడిగిన రెండు ప్రశ్నలకు నా దగ్గరున్న జవాబు ఇంతే.

కన్నవాళ్లను ముసలితనంలో చూసుకోవడం కొడుకు బాధ్యత. తండ్రి చేసిన అప్పు తీర్చడం కూడా బాధ్యతే అని నమ్మేదాన్ని నేను, ఈ విషయాల్లో నాది పాతకాలపు పట్టింపే. కానీ తండ్రి ఇష్టాన్ని మోయడం కొడుకు బాధ్యత కాదు. మీ నాన్నగారికి ఏ ఇష్టాలుండేవో, వాటిలో మీరు ఎన్నింటిని కొనసాగించారో ఒకసారి ఆలోచించండి. వీలునామాలో షరతు పెడితే ఆ అబ్బాయి వాటిని అమ్మడేమో గానీ ప్రేమించడు. ఏ గోదాములోనో పడేసి, తలుచుకున్నప్పుడల్లా విసుక్కుంటాడు. మీ జ్ఞాపకం అతనికి అలా మిగలడం మీకు ఇష్టమా?

అన్నం సయించకపోవడం మాత్రం నాకు అర్థమైంది. “పాత పేపర్లాయనకు వేసెయ్” అన్న మాట ఎందుకంత గుచ్చుకుందో మీ కొడుక్కి తెలియదు. అతనికి పాట ఎప్పుడూ చేతిలోనే ఉంది. మీ రోజుల్లో పాట రేడియోలో ఒక్కసారి వచ్చి వెళ్లిపోయేది. మళ్లీ ఎప్పుడు వేస్తారో ‘వాణి’లో వెతుక్కుని, పెన్సిల్‌తో గీత గీసుకుని, ఆ రోజు ఆ టైముకు రేడియో ముందు కూర్చోవాలి. బుధవారం రాత్రి ఎనిమిదింటికి సిలోన్ (శ్రీలంక) రేడియో స్టేషన్‌లో అమీన్ సయానీ హిందీ పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా. తెలుగు పాటలకు అదే సిలోన్ నుంచి మీనాక్షీ పొన్నుదురై గొంతు. గాలి సరిగా లేకపోతే సగం పాట గరగరలోనే పోయేది. పోయిన సగం ఏమిటో తెలియాలంటే సినిమా హాలు బయట అమ్మే పాటల పుస్తకమే దిక్కు. అందులో కథ సగం చెప్పి, మిగతాది వెండితెరపై చూడండి అనేవారు. పాటలు మాత్రం పల్లవి నుంచి చివరి చరణం దాకా ఉండేవి, రాసినవారి పేరు, పాడినవారి పేరుతో సహా. వినడం కొద్దిసేపే అయినప్పుడు, విన్నదాన్ని చేత్తో పట్టుకోవడానికి మీకు దొరికింది ఆ కాగితం ఒక్కటే. అందుకే దాచారు. అది పిచ్చి కాదు.

ఇక మీ కోడలు చెప్పింది సగమే నిజం. పాటలు ఫోన్లో దొరుకుతాయి. ఫలానా సంవత్సరం ఫలానా వారం మన ఆకాశవాణిలో ఎవరు కచేరీ చేశారో, ఏ గంటకు ఏ కార్యక్రమం వచ్చిందో దొరకడం కష్టం. అవి పాత కాగితాల్లోనే ఉన్నాయి. ఈ మాట ఆమెకు నెమ్మదిగా చెప్పండి, వింటుంది. మీతో మాట కలిపింది కదా, మొహం తిప్పుకుని పోలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరంలో కొడుకు అన్న ఒక్క మాటకు మీ బాధంతా ఇచ్చారు. హాల్లో మంచం మీద పడుకుంటున్న మనిషి గురించి మాత్రం, పక్కింటి సంగతి చెప్పినట్టు చెప్పి దాటిపోయారు. నేను మీ ఉత్తరం పక్కన పెట్టలేకపోయింది అందుకే.

మోకాళ్ల నొప్పులున్న ఆవిడకు సొంతింట్లో పడుకోవడానికి గది లేదు. హాల్లో పడుకుంటే ఎవరొచ్చినా లేవాలి. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చాలన్నా తలుపు వేసుకునే వీలు లేదు. చీర మార్చుకోవడానికి ఎక్కడికి వెళ్తుందో మీరెప్పుడైనా గమనించారా? ఇంటికొచ్చిన మీ అక్కచెల్లెళ్లు, ఆవిడ వదినలు ఆ మంచాన్ని చూస్తారు, ఏమీ అనరు. ఏమీ అనకపోయినా ఆమెకు తెలుస్తుంది.

“ఒక్క మాట అనలేదు” అని మీరు మెచ్చుకోలుగా రాశారు. ఆ మెచ్చుకోలును నేను ఒప్పుకోను. మన ఇళ్లలో ఆడవాళ్లు నోరు మెదపకపోవడాన్ని ఓపిక అనుకుని తరాలుగా హాయిగా బతికేశాం. అడగలేదు కాబట్టి అవసరం లేదనుకోవడం చాలా సుఖమైన ఆలోచన. కట్టుకున్న మనిషి అడిగేదాకా ఆగడం మగవాడి గౌరవానికి తక్కువ అని నా నమ్మకం. వరద రాత్రి నొప్పి కాళ్లతో ఆ మెట్లెక్కి మీ కట్టలు మోసిన మనిషి ఆవిడ. తన బీరువా ఎంతవరకు తడిసిందో, తన చీరలు, పెళ్లినాటి ఫొటోలు ఏమయ్యాయో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. అడిగి తెలుసుకోండి.

కొడుకు మీద మీ కోపం కూడా ఇందువల్లే ఇంత పెరిగిందని నా అనుమానం. అమ్మ హాల్లో పడుకోవడం దసరాకు వచ్చిన కొడుకు కంట పడకుండా ఉంటుందా? తండ్రితో ఆ మాట నేరుగా అనలేక పత్రికల మీద పెట్టి ఉంటాడు. ఫోన్ చేసి అడగండి, అది నిజమో కాదో తెలిసిపోతుంది. నిజమైతే, మీరు రాసినంత పనికిమాలిన కొడుకు కాదు అతను.

కాబట్టి గది ఖాళీ కావాలి. అంటే పత్రికలన్నీ పోవాలని కాదు. ఎప్పటికైనా మీరు చేయాల్సిన పని ఇది, మీ చేతుల్లో ఓపిక ఉండగా చేయండి.

మొదట జాబితా రాయండి. పత్రిక పేరు, నెల, సంవత్సరం, పేజీలు పూర్తిగా ఉన్నాయా, చిరిగాయా. ఏ గ్రంథాలయం వాళ్లయినా ముందు అడిగేది ఇదే. జాబితా లేని బస్తాలను ఎవరూ తీసుకోరు, తీసుకున్నా మూల పడేస్తారు. రాస్తున్నప్పుడే మీకొకటి తెలిసొస్తుంది. మీరు బాగా విలువైనదనుకునే ‘శ్రుతి’ 1983లో మొదలైన పత్రిక, దాన్ని భద్రంగా దాచినవాళ్లు చాలామంది ఉన్నారు. ఎవరూ దాచనివే అరుదు. రేడియో కార్యక్రమాల పత్రికను పక్షం దాటాక జనం పొట్లాలు కట్టుకున్నారు. పాటల పుస్తకాలు పిల్లల చేతుల్లో చిరిగిపోయాయి. కాబట్టి మీ గదిలో అన్నిటికన్నా ముందు కాపాడాల్సినవి ‘వాణి’ సంచికలు, ఆ పల్చటి పాటల పుస్తకాలు.

వాటికి సెల్లోటేపు వేయకండి, కొన్నేళ్లకు జిగురు కాగితంలోకి దిగి మరక కడుతుంది. లామినేషన్ అసలు వద్దు. తుప్పు పట్టిన పిన్నులు మెల్లగా తీసి తెల్ల దారంతో కుట్టండి. అవి చవక న్యూస్‌ప్రింట్ మీద అచ్చయినవి. ఆ కలప గుజ్జులోనే ఆమ్లం ఉంటుంది కాబట్టి పసుపెక్కడం, పెళుసుబారడం ఆగదు. వెలుతురు, వేడి, తేమ తగలకపోతే కొంత నెమ్మదిస్తుంది, అంతే. మీరు రేకుల గది నుంచి కిందికి తేవడం సరైన పనే. కానీ నయీంనగర్ నాలా పొంగే చోట నేల మీద పెట్టడమూ సరి కాదు, 2023 జూలైలో మళ్లీ ఏమైందో మీకు నేను చెప్పక్కర్లేదు.

అందుకే స్కాన్ చేయించాలి. మనసు ఫౌండేషన్ వాళ్లు పాత తెలుగు పత్రికలను, పుస్తకాలను డిజిటైజ్ చేస్తున్నారు, జాబితా పంపి అడగండి. హన్మకొండలోనే 1904లో పెట్టిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం గ్రంథాలయం ఉంది, వెళ్లి మాట్లాడండి. హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. అబ్దుస్ సమద్ ఖాన్ అనే ఆయన జీవితమంతా పోగుచేసిన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు ఇప్పుడు అక్కడే ఉన్నాయి. 2000 ఆగస్టు వరదల్లో ఆ గ్రంథాలయంలోకీ నీళ్లొచ్చాయి. తడిసినవాటిని ఆరబెట్టి కాపాడుకోవడానికి అక్కడ మనుషులు కూడారు. మీ ఇంట్లో ఆ రాత్రి ఉన్నది మీరిద్దరే.

మనసు ఒప్పని కొన్ని ఉంటాయి. మొదటి జీతంతో కొన్నది, ఎవరో సంతకం చేసి ఇచ్చినది. ఒక చెక్క అలమారాలో పట్టేంతవరకు ఉంచుకోండి. అది హాల్లో ఉండాలి, ఆమె గదిలో కాదు.

ఇంకొక మాట. మీ భార్య బతుకమ్మ పాటలు పాడేదని ఆ ఉత్తరంలోనే రాశారు. పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మల చుట్టూ తిరిగే ఆడవాళ్లలో పాట ఎత్తుకునేది ఒకరే, మిగతావాళ్లు ఉయ్యాలో అని అందుకుంటారు. ఎత్తుకోగలిగిన మనిషి మీ ఇంట్లో ఉంది. తల్లిగారింట్లో నేర్చుకున్న పాటలై ఉంటాయి, ఊరూరికీ మాటలు మారే పాటలు. ‘వాణి’లోనూ ‘విజయచిత్ర’లోనూ అవి లేవు. మీరు ఇన్నేళ్లుగా ఊరూరా తిరిగి పాటల కాగితాలు కొన్నారు, ఆమె పాటల్లో ఒక్కటైనా కాగితం మీద పెట్టారా? డీజే మోత వల్ల మానేసింది అన్నారు. ఆ మోతలో ఆమె పాట వినాలని అడిగినవాళ్లు ఎవరూ లేకపోవడం వల్ల కూడా కావచ్చు.

అలాగని రేపే ఫోన్ ముందు పెట్టి పాడమనకండి. ఆమె మీ సేకరణలో ఇంకో వస్తువు కాదు. ముందు గది ఖాళీ చేయండి, సున్నం వేయించండి, ఆమెకు అందే ఎత్తులో మంచం వేయించండి, బాత్రూముకు వెళ్లే దారిలో పట్టుకోవడానికి కమ్మీ పెట్టించండి. ఆ తర్వాత ఎప్పుడైనా ఆమెకు పాడాలనిపిస్తే పక్కన కూర్చుని రాసుకోండి. రికార్డు చేయనా అని అడగండి. వద్దంటే మానేయండి.

సంక్రాంతికి పిల్లలు వస్తారు కదా, ఆలోపు గది తయారు కావాలి. బస్తాలు మోయడానికి కొడుకును పిలవండి, ఈ పనికి కాదనడు. జాబితా పూర్తయ్యాక నాకొక ప్రతి పంపండి, ‘వాణి’ సంచికలు ఏ సంవత్సరానివో తెలిస్తే ఎవరిని ముందు అడగాలో చెబుతాను.