కొలెస్ట్రాల్ బాగానే ఉంటే సీఆర్‌పీ పరీక్ష ఎందుకు?

గుంటూరులో ఉంటున్న మీ నాన్నగారికి 64 ఏళ్లు, కొలెస్ట్రాల్ మామూలే, అయినా రక్తంలో సీఆర్‌పీ అనే ప్రోటీన్‌ను కొలిచే ఈ పరీక్ష డాక్టరు ఎందుకు రాశారని అడిగారు.

వయసుతో రక్తనాళాలు బిరుసెక్కుతాయి. బీపీలో పై అంకె పెరిగేది అందుకే. పొట్ట కొవ్వు, పొగ, షుగరు, చిగుళ్ల జబ్బు వల్ల ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోలోపలి వాపు) నివురుగప్పిన నిప్పులా ఏళ్ల తరబడి ఉండిపోతుంది. నాళం గోడలో పేరుకున్న కొవ్వు మీది పొరను అది పలచన చేస్తుంది. ఆ పొర చిట్లితే అక్కడే రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. చాలా గుండెపోట్లు ఇలా వచ్చేవే.

ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఎంతుందో చెప్పేదే సీఆర్‌పీ; దాన్ని సూక్ష్మంగా కొలిచే పరీక్షే హెచ్‌ఎస్-సీఆర్‌పీ. అది లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే మంచిది, 3 దాటితే ముప్పు ఎక్కువ. 10 దాటితే జ్వరమో ఇన్‌ఫెక్షనో ఉందేమో చూసి, తగ్గిన రెండు వారాలకు మళ్లీ చేయించండి. జ్వరంలో వచ్చిన అంకె చూసి బెంగపడకండి.

చుట్ట అలవాటుంటే ముందు అది మానిపించండి. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపే. పూటపూటా ఆవకాయ, గోంగూర పచ్చడి వేసుకుంటే ఆ లెక్క నిలవదు.